కండోమ్ ఒకసారి చిరిగింది, ఒకసారి జారింది. ఇక దాన్ని నమ్మొచ్చా?

తమ్ముడూ, మీరు రాసింది మొత్తం చదివాను. పెళ్లయి 7 నెలలు, ఇంకో రెండేళ్లు పిల్లలు వద్దనుకున్నారు. మొదటినుంచీ కండోమ్ వాడుతున్నారు. ఒకసారి మధ్యలో చిరిగింది. మూడు వారాల కిందట ఇంకోసారి జారి లోపలే ఉండిపోయింది. అప్పటినుంచి మీ ఆవిడ రోజూ క్యాలెండర్ చూసుకుంటూ టెన్షన్ పడుతోంది. మీ ఫ్రెండేమో రెండు కలిపి వేసుకోమన్నాడు. కండోమ్‌ను నమ్మొచ్చా, అసలు సరిగ్గా ఎలా వాడాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. నమ్మొచ్చు. మీకు జరిగిన రెండూ వాడే తీరు మార్చుకుంటే చాలావరకు ఆగిపోయేవే. రెండు కండోమ్‌లు మాత్రం ఎప్పుడూ ఒకదానిమీద ఒకటి వేసుకోకండి. రబ్బరుకి రబ్బరు రాసుకుని చిరిగే ప్రమాదం, జారే ప్రమాదం పెరుగుతాయి. ఆడవాళ్లు వాడే కండోమ్ వేరే ఉంటుంది, దానితో కలిపి కూడా వాడకూడదు. ఒక్కటి, సరిగ్గా వేసుకుంటే సరిపోతుంది.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో కౌన్సెలర్‌ని. మొదట కొన్నేళ్లు హెచ్‌ఐవీ పరీక్షలు చేసే కేంద్రంలో పనిచేశాను, 11 ఏళ్లుగా కుటుంబ నియంత్రణ విభాగంలో ఉన్నాను. "మేడమ్, కండోమ్ ఫెయిలైంది" అంటూ ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి మాట ఒకటే: ఎప్పుడు వేసుకున్నారు, ఎప్పుడు తీశారు? నేను చూసినవాటిలో ఎక్కువ పొరపాట్లు ఆ రెండు చోట్లే ఉన్నాయి.

లెక్క ఇలా ఉంటుంది. 100 జంటలు ఏడాది పొడవునా, కలిసిన ప్రతిసారీ, మొదటినుంచి చివరిదాకా సరిగ్గా కండోమ్ వాడితే ఏడాదిలో 2 జంటలకు గర్భం వస్తుంది. జనం మామూలుగా వాడే తీరులో అయితే 13 జంటలకు వస్తుంది. ఆ 13 చూసి కండోమ్ మంచిది కాదు అనేస్తారు. కానీ అందులో చిరిగినవాళ్లే కాదు, ప్యాకెట్ అయిపోయిందని ఒక రాత్రి వదిలేసినవాళ్లు, "పీరియడ్ అయి వారమే కదా, పర్లేదులే" అనుకున్నవాళ్లు, సగంలో వేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 2కీ 13కీ మధ్య ఉన్న ఆ 11 జంటల కోసమే నేను రోజూ ఆ కుర్చీలో కూర్చుంటాను.

సగంలో వేసుకోవడం గురించి ఒక కేసు చెప్పాలి. బాబు పుట్టి 9 నెలలే అయిన అమ్మాయి, మళ్లీ నెల తప్పింది. భర్త "ప్రతిసారీ వాడాం మేడమ్" అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగితే తేలింది: మొదట అలాగే కలిసి, ఇక అయిపోతుంది అనిపించినప్పుడు ఆపి, అప్పుడు వేసుకునేవాడు. వీర్యం పడేటప్పుడు ఉంటే చాలు కదా అని అతని లెక్క. వీర్యం పడకముందే అంగం చివర కొంచెం తడి వస్తుంది. కొందరిలో ఆ తడిలో కూడా వీర్యకణాలు ఉంటాయి. సుఖవ్యాధుల క్రిములు కూడా ఉండొచ్చు. పైగా ఆ క్షణంలో ఆగడం అందరి చేతిలో ఉండే పని కాదు. ఆ అమ్మాయి గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం "అత్తమ్మ నన్నే తిట్టింది మేడమ్" అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. పద్ధతి అతను తప్పాడు, తిట్లు ఆమె తిన్నది. అందుకే చెప్తున్నాను: అంగం యోనికి తగలకముందే కండోమ్ ఉండాలి, బయటికి వచ్చేదాకా ఉండాలి.

ఇక వేసుకునే విధానం. నా టేబుల్ సొరుగులో ఒక చెక్క నమూనా ఉంటుంది. పెళ్లయి పదేళ్లయిన మగవాళ్ల చేతికిచ్చి "ఒకసారి వేసి చూపించండి" అంటాను. చాలామంది సాక్స్ తొడిగినట్టు రెండు చేతులతో సాగదీసి లాగుతారు. గోళ్లు గుచ్చుకునేది అక్కడే. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ ఎప్పుడూ చూపించలేదు.

ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే ఎక్స్‌పైరీ తేదీ చూడండి. తర్వాత బొటనవేలితో మెల్లగా నొక్కండి, లోపల గాలి బుడగలా తగలాలి. గాలి లేకుండా చప్పగా అణిగిపోయి ఉంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం, అది పక్కన పెట్టేయండి. లోపలున్న కండోమ్‌ను వేలితో ఒక పక్కకు జరిపి, రెండో పక్క అంచు దగ్గర చేత్తో చించండి. తొందరలో పళ్లతో కొరకడం, కత్తెర వాడటం వద్దు. ప్యాకెట్‌తో పాటు కండోమ్ తెగినా చీకట్లో మీకు తెలియదు. చిన్న బెడ్‌లైట్ వేసుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బయటికి తీస్తే చిన్న టోపీలా ఉంటుంది. చుట్టిన అంచు బయటివైపు ఉండాలి. అంగం పూర్తిగా గట్టిపడ్డాక, ముందు చర్మం వెనక్కి జరిపి, టోపీలా పైన పెట్టండి. ఇక్కడ చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. కండోమ్ కొనకు చిన్న సంచిలా ఉంటుంది చూడండి, దాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. అందులో గాలి ఉండకూడదు. ఆ చోటు వీర్యం కోసం. గాలి నిండి ఉంటే వీర్యం పడినప్పుడు చోటు చాలక కొన దగ్గర పగలొచ్చు, లేదా పక్కలనుంచి బయటికి రావొచ్చు. ఒక చేత్తో కొన నొక్కి పట్టుకునే, రెండో చేత్తో చుట్ట విప్పుకుంటూ మొదలు దాకా దించండి. చుట్టిన చాప నేలమీద పరిస్తే ఎలా దొర్లుతుందో అలా సులువుగా దిగాలి. దిగడం లేదంటే తిరగేసి పెట్టారన్నమాట. అప్పుడు దాన్ని తిప్పి మళ్లీ వేసుకోకండి, అంగం చివరి తడి ఇప్పటికే దానికి అంటింది. పడేసి కొత్తది తీయండి. సగం వరకే దించి వదిలేస్తే మధ్యలో పైకి చుట్టుకుంటూ జారిపోతుంది.

తీసే విధానం. మీ రెండో సమస్య ఇక్కడే వచ్చి ఉంటుందని నా అనుమానం. వీర్యం పడ్డాక అంగం మెత్తబడటానికి ఎక్కువసేపు పట్టదు. మెత్తబడగానే కండోమ్‌కి పట్టు పోతుంది. అలాగే లోపల ఉంచి కాసేపు పడుకుంటే, మీరు బయటికి వస్తారు, అది లోపల ఉండిపోతుంది. అయిపోగానే, ఇంకా గట్టిగా ఉండగానే, కండోమ్ అంచును మొదలు దగ్గర వేళ్లతో పట్టుకుని బయటికి రండి. ఆమెకు దూరంగా జరిగాక తీసి, ముడి వేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. టాయిలెట్‌లో వేస్తే పైపులు అడ్డుపడతాయి. అదే రాత్రి మళ్లీ కలిస్తే మళ్లీ కొత్తది.

ఇక చిరగడం. మీరు ప్యాకెట్లు ఎక్కడ పెడుతున్నారో రాయలేదు. చిరిగిందన్నవాళ్లను నేను ఆ తర్వాత అడిగేది అదే. ఉమ్మడి కుటుంబంలో ఉండే ఒకతనికి నెలలో మూడుసార్లు చిరిగింది. మంచి కంపెనీవే, తేదీ కూడా ఉంది. ఎక్కడ దాస్తావయ్యా అంటే తల దించుకుని, "అటక మీద మేడమ్, పిల్లల చేతికి, అమ్మ కంటికి పడకుండా" అన్నాడు. రేకుల ఇల్లు. రోహిణి కార్తెలో రేకు కింద అటక ఎంత కాలిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ వేడికి రబ్బరు పెళుసెక్కుతుంది. పర్సులో పెట్టి వెనక జేబులో నెలలకొద్దీ ఉంచినా, బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో పెట్టినా అంతే. బీరువాలో బట్టల అడుగున, చల్లగా, ఎండ తగలని చోట పెట్టుకోండి. బయటికి వెళ్లేటప్పుడు ఒకటి రెండు పర్సులో పెట్టుకుంటే ఇంటికి రాగానే తీసేయండి.

నూనె. మన ఇళ్లలో అన్నిటికీ కొబ్బరినూనె కదా, దీనికి కూడా అదే రాస్తారు. కొత్తగా పెళ్లయినవాళ్లలో అమ్మాయికి నొప్పిగా, పొడిగా ఉందని రాసేవాళ్లు చాలామంది. మామూలు కండోమ్‌లు లేటెక్స్ రబ్బరువి. కొబ్బరినూనె, వ్యాజలైన్, బేబీ ఆయిల్, కోల్డ్ క్రీమ్, ఏ నూనె తగిలినా కొన్ని నిమిషాల్లోనే ఆ రబ్బరు బలహీనపడుతుంది. జారుడు కావాలంటే మందుల షాపులో నీటితో చేసిన జెల్ దొరుకుతుంది, దాన్ని కండోమ్ వేసుకున్నాక పైన రాయండి. లోపల ఎక్కువగా రాస్తే మళ్లీ జారుతుంది. అసలు పొడిగా ఉండటమే చిరగడానికి ఒక కారణం, కాబట్టి తొందరపడకండి. ఆమె సిద్ధంగా లేనప్పుడు, భయంతో బిగుసుకుని ఉన్నప్పుడు బలవంతంగా కలిస్తే ఆమెకూ నొప్పే, కండోమ్‌కీ చేటే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. తెల్లబట్ట, దురద అని వెళ్తే డాక్టర్లు లోపల పెట్టుకునే బిళ్లలు, పూతమందులు ఇస్తారు, క్లోట్రిమజోల్ లాంటివి. వాటిలో కొన్ని కూడా రబ్బరును దెబ్బతీస్తాయి. ఆ మందు వాడే రోజుల్లో కలవకుండా ఉండటం మంచిది. మీ ఆవిడ ఈమధ్య అలాంటిది వాడారేమో గుర్తు చేసుకోండి.

సైజు గురించి అడగడానికి సిగ్గుపడతారు, నేనే చెప్తాను. మన దగ్గర దొరికేవి ఎక్కువగా 49 మిల్లీమీటర్లవి, 52–53 మిల్లీమీటర్లవి. పెట్టె మీద వెడల్పు అని రాసి ఉంటుంది. మరీ బిగుతుగా ఉండి మొదట్లో గీత పడుతుంటే పెద్దది చూడండి. సరిగ్గా వేసుకున్నా జారుతుంటే చిన్నది చూడండి. ఎక్కువసేపు ఆగడానికి అని అమ్మే వాటిలో తిమ్మిరెక్కించే మందు ఉంటుంది. తిరగేసి వేసుకుంటే అది ఆమెకు తగులుతుంది. ఎవరికైనా దురద, మంట, దద్దుర్లు వస్తే లేటెక్స్ పడటం లేదేమో డాక్టర్‌ని అడగండి. లేటెక్స్ లేనివి కూడా ఉన్నాయి, ధర ఎక్కువ.

ప్రభుత్వం ఇచ్చే నిరోధ్ కండోమ్ నాసిరకం అనే మాట నేను చాలాసార్లు విన్నాను. 1968 నుంచి మన దేశంలో ఉన్న పేరు అది. మా దగ్గర పెట్టెలో ఉచితంగా పెడతాం, ఆశా కార్యకర్తలు కూడా ఇస్తారు. ఫ్లేవర్లు, చుక్కలు ఉండవేమో గానీ గర్భం రాకుండా ఆపే పని చేస్తుంది. ఆసుపత్రిదైనా షాపుదైనా తేదీ చూసి తీసుకోండి. షాపతను నల్ల కవర్లో చుట్టి ఇచ్చాడని చూడకుండా జేబులో పెట్టుకోకండి.

ఇంత చిన్న విషయం ఎందుకు ఎవరికీ తెలియదు అని మీరు బాధపడ్డారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వయసులో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కండోమ్ మీద ఆధారపడేవాళ్లు ఒక శాతం కూడా లేరు. దేశం మొత్తం మీద చూస్తే 9.5 శాతం ఉన్నారు. మన ఇళ్లలో అమ్మకు, పెద్దమ్మకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ఇద్దరు పుట్టగానే ఆడమనిషికి ఆపరేషన్. ఇక కొడుక్కి కండోమ్ గురించి ఎవరు చెప్తారు? మీరు సిగ్గు పక్కన పెట్టి అడిగారు, నాకు చాలా సంతోషంగా ఉంది. ఇవన్నీ మీ ఆవిడతో కూర్చుని చదవండి. వేయడం, తీయడం ఆమెకు కూడా తెలియాలి. చీకట్లో ఒకరు మరిచిపోతే ఇంకొకరు గుర్తు చేస్తారు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా చిరిగితే లేదా జారితే ఏం చేయాలి? లోపల ఉండిపోతే భయపడకండి, అది కడుపులోకి పోదు. ఆమె గొంతుక్కూర్చుని శుభ్రమైన వేళ్లతో అంచు పట్టుకుని లాగితే వస్తుంది. రాకపోతే ఆసుపత్రికి వెళ్లండి. లోపల నీళ్లు కొట్టి కడగడం, సబ్బు పెట్టడం వద్దు, దానివల్ల గర్భం ఆగదు, మంట మాత్రం వస్తుంది. గర్భం రాకుండా 72 గంటల్లోపు లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల అత్యవసర మాత్ర ఒకటి వేసుకోవాలి. 72 గంటలు ఉన్నాయి కదా అని ఆగకండి, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇస్తారు, ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది. వేసుకున్న రెండు మూడు గంటల్లోపే వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. పీరియడ్ కొన్ని రోజులు అటూ ఇటూ అవ్వొచ్చు. అది అత్యవసరానికే, నెలనెలా వాడే పద్ధతి కాదు. వేసుకున్నాక మళ్లీ కండోమ్ లేకుండా కలిస్తే ఆ మాత్ర కాపాడదు. 5 రోజుల్లోపు కాపర్ టీ వేయించుకున్నా గర్భం ఆగుతుంది, మాత్ర కంటే అదే గట్టిది. ఇంట్లో ఒక మాత్ర ముందే తెచ్చి పెట్టుకోమని మా దగ్గరికి వచ్చే జంటలకు చెప్తాను. పండగపూట అర్ధరాత్రి ఏ షాపూ తెరిచి ఉండదు.

మీ ప్రశ్నలో జబ్బుల సంగతి లేదు, కానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం రాస్తున్నాను. సరిగ్గా వాడితే హెచ్‌ఐవీ, గనేరియా లాంటివి రాకుండా కండోమ్ బాగా కాపాడుతుంది. సవాయి (సిఫిలిస్), హెర్పిస్, పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ చర్మం తగిలినా అంటుకుంటాయి, కాబట్టి కండోమ్ కప్పని చోట రక్షణ ఉండదు. మాత్రలు, కాపర్ టీ, ఆపరేషన్ గర్భాన్ని ఆపుతాయి గానీ జబ్బులను ఆపవు. హెచ్‌ఐవీ ఉన్నవారితోనో, ఉందో లేదో తెలియనివారితోనో కలిసినప్పుడు చిరిగితే 72 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రిలో మందు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. 1097 కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో ఉచితంగా చెప్తారు. సుఖవ్యాధుల చికిత్సకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. అక్కడ మిమ్మల్ని చూసి ఎవరూ తీర్పు చెప్పరు, చెప్పకూడదు.

రెండేళ్ల పాటు ప్రతి రాత్రీ ఈ టెన్షన్ పడలేం అనిపిస్తే, కండోమ్‌తో పాటు మీ ఆవిడకు ఇష్టమైతేనే ఇంకో పద్ధతి తీసుకోవచ్చు. రోజూ వేసుకునే మాత్రలు, మూడు నెలలకు ఒకసారి అంతర ఇంజెక్షన్, హార్మోన్ లేని ఛాయా మాత్ర, కాపర్ టీ, ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఛాయా మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. అంతర ఆపాక మళ్లీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావొచ్చు, మీ ప్లాన్ ప్రకారం అది కూడా లెక్కలో పెట్టుకోండి. బీపీ, మైగ్రేన్, ఇంకేమైనా జబ్బు ఉంటే డాక్టర్‌కి చెప్పకుండా హార్మోన్ మాత్రలు మొదలుపెట్టొద్దు.

ఇక ఈ నెల సంగతి. మూడు వారాలు దాటింది కాబట్టి ఇప్పుడు ఆ అత్యవసర మాత్ర వేసి లాభం లేదు, వేయకండి. డేట్ రాకపోతే, దాటిన వారానికి ఉదయం మొదటి మూత్రంతో టెస్ట్ చేయండి. ఆశా కార్యకర్తని అడిగితే నిశ్చయ్ కిట్ ఉచితంగా ఇస్తుంది. ఒక గీత వచ్చి ఇంకా పీరియడ్ రాకపోతే మరో వారానికి మళ్లీ చేయండి. రెండు గీతలు వస్తే గర్భం వచ్చినట్టు, ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరూ మాట్లాడుకోండి, చివరి మాట మాత్రం ఆమెది. వద్దనుకుంటే గర్భనిరోధక పద్ధతి విఫలమవడం చట్టం ఒప్పుకునే కారణమే. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 18 ఏళ్లు నిండిన ఆమె సంతకం ఒక్కటే కావాలి. షాపులో మాత్రలు తెచ్చి ఇంట్లో వేయకండి, నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లండి. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఇంట్లో తెలియదు, అది ప్రాణం మీదికి వస్తుంది. డేట్ వచ్చిందో లేదో, టెస్ట్‌లో ఏం వచ్చిందో ఇక్కడే ఒక లైను రాయండి. రాత్రి తొమ్మిది తర్వాత చూసి జవాబిస్తాను.